ఇద్దరు అధ్యక్షుల దేశంలో ఒక పిక్కల సీజన్

2011లో జీడి పిక్కల సీజన్ అంతా నేను ఐవరీ కోస్ట్‌లో ఉన్నాను. ఆ దేశానికి అప్పుడు ఇద్దరు అధ్యక్షులు: లారెంట్ బాగ్బో, అలసాన్ వతారా. ఇద్దరూ 2010 డిసెంబర్ 4నే, అబిజాన్ నగరంలోనే ప్రమాణం చేశారు. ఇద్దరికీ మంత్రివర్గాలున్నాయి, ఇద్దరి వెనకా సైనికులున్నారు. మాకేమో కొనాల్సిన పిక్కలున్నాయి, రైతుకి ఇవ్వాల్సిన డబ్బుంది, సరుకు ఎక్కించాల్సిన ఓడ ఉంది. ఆ సీజన్‌లో ఒక సరుకు చెట్టు కింద నుంచి ఓడ దాకా ఎలా వెళ్లిందో, ఎక్కడెక్కడ ఆగిపోయిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అప్పట్లో టీవీలో అధ్యక్ష భవనం, హెలికాప్టర్లు, తుపాకులు కనిపించాయి. ఇంటి ముందు అమ్ముడుపోని బస్తాలు పెట్టుకుని కూర్చున్న రైతులు ఎక్కడా కనిపించలేదు. నేను చూసింది ఎక్కువగా వాళ్లనే.

పలాస వాళ్లకి ఐవరీ కోస్ట్ పేరు కొత్త కాదు. మా ఉద్దానం పంట ఎండాకాలంలో ఓ రెండు మూడు నెలలు వస్తుంది. పలాస–కాశీబుగ్గలో యూనిట్లు ఏడాది పొడవునా నడవాలంటే అది చాలదు. మిగతాది ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా, గినీ బిసావు లాంటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. అప్పట్లో అక్కడ కొనే కంపెనీల్లో మన దేశం వాళ్లే ఎక్కువగా ఉండేవాళ్లు. కొల్లం, తూత్తుకుడి, మంగళూరు, పలాస నుంచి పిక్క చూడటం తెలిసిన కుర్రాళ్లని ఏటా జనవరి, ఫిబ్రవరిలో పంపిస్తారు. నేను అలా వెళ్లినవాణ్ణే. అంతకు ముందు కూడా వెళ్లొచ్చాను కాబట్టి ఫ్రెంచ్ కొంచెం, అక్కడి సంతల్లో మాట్లాడే జూలా భాష ఇంకొంచెం వచ్చు.

నా పని కటింగ్ పరీక్ష. బస్తాల్లోంచి కిలో పిక్కలు తీసి లెక్కపెట్టాలి. కిలోకి 190, 200 దగ్గర తూగితే పిక్క లావుగా ఉన్నట్టు. తర్వాత ఒక్కో పిక్కనీ రెండుగా కోసి, మంచి పప్పు, మచ్చపడింది, ముడుచుకుపోయింది, పుచ్చిపోయింది విడదీసి తూచాలి. మంచి పప్పు బరువుకి మచ్చపడినదాంట్లో సగం కలిపితే ఆ కిలోలో పనికొచ్చే పప్పు ఎంతో తేలుతుంది. దాన్నుంచి 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో లెక్క కడతాం. దాన్నే అవుట్‌టర్న్ అంటాం. కిలోకి 270 గ్రాములు వస్తే అవుట్‌టర్న్ 47 దాటుతుంది. ఆ అంకె మీదే ధర. బస్తాలు ఎన్నాళ్లు ఉంటే, ఎంత తేమ తాగితే ఆ అంకె అంత పడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, రాజకీయం వల్ల ఒక్కో వారం ఆలస్యమైతే ఎవరికెంత నష్టమో మిగతాదంతా చదువుతుంటే అర్థమవుతుంది.

గొడవ ఎన్నికతో మొదలైందని బయటివాళ్లు అనుకుంటారు. అక్కడివాళ్లని అడిగితే ఇంకా వెనక్కి వెళ్తారు. దేశం ఉత్తర భాగంలో ముస్లింలు ఎక్కువ, బుర్కినా ఫాసో, మాలీలతో చుట్టరికాలు ఎక్కువ. ‘నువ్వు అసలైన ఐవరీ కోస్ట్ వాడివేనా’ అన్న ప్రశ్న 1990ల నుంచి వాళ్లని వెంటాడుతోంది. ఉత్తరాది నాయకుడు అలసాన్ వతారాని ఇదే ప్రశ్నతో 2000 ఎన్నికల్లో పోటీకి రానివ్వలేదు. 2002 సెప్టెంబర్‌లో తిరుగుబాటు జరిగి దేశం రెండు ముక్కలైంది. దక్షిణం లారెంట్ బాగ్బో ప్రభుత్వం కింద, ఉత్తరం తిరుగుబాటుదారుల కింద ఉండిపోయాయి. వాళ్ల రాజధాని బువాకే. మా గోదాం ఉన్నది అక్కడే. 2005లో జరగాల్సిన ఎన్నిక వాయిదాలు పడుతూ పడుతూ 2010 దాకా వచ్చింది.

నవంబర్ 28న రెండో విడత పోలింగ్. 54 శాతం ఓట్లతో వతారా గెలిచాడని ఎన్నికల కమిషన్ చెప్పింది. రాజ్యాంగ మండలి ఉత్తరాన బువాకే, కొరోగో లాంటి చోట్ల ఓట్లు రద్దు చేసి, 51 శాతంతో బాగ్బో గెలిచాడంది. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి వతారా గెలుపునే ధ్రువీకరించాడు. బాగ్బో దిగలేదు. వతారా అబిజాన్‌లోని గోల్ఫ్ హోటల్లో ఐక్యరాజ్యసమితి సైనికుల కాపలాలో ఉండి అక్కణ్నుంచే ఉత్తర్వులు ఇచ్చేవాడు.

మా గోదాం మనుషులకి పెద్ద ఒకాయన ఉండేవాడు. కటియోలా వైపు ఊరు. నాకంటే చాలా పెద్దవాడు, అందరూ ఆయన్ని గౌరవంగా ‘వ్యూ’ (ఫ్రెంచ్‌లో పెద్దాయన) అని పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన చొక్కా జేబులో ఓటరు కార్డు ఎప్పుడూ ఉండేది. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునేవాడు. “ఈ కార్డు కోసమే కదా తమ్ముడూ మా పిల్లలు తుపాకీ పట్టింది. కార్డు ఇచ్చారు. ఓటేశాను. ఇప్పుడేమో ఆ ఓటు లెక్కలోకి రాదంటున్నారు” అన్నాడు ఒకరోజు. కోపంగా కూడా అనలేదు. తిరుగుబాటుదారులు చేసిన దౌర్జన్యాలు కూడా ఆయన దాచేవాడు కాదు. రోడ్డు మీద మా లారీల దగ్గర వాళ్లు గుంజే డబ్బు నేనూ చూశాను. అయినా ఓటు విషయంలో ఆయన మాట న్యాయమనే నేను ఇప్పటికీ అనుకుంటాను.

నేను అబిజాన్‌లో దిగింది జనవరిలో. దుబాయ్, అక్రాల మీదుగా విమానాలు ఇంకా నడుస్తున్నాయి. ఎయిర్‌పోర్టులో ఎప్పటిలాగే ఎల్లో ఫీవర్ కార్డు అడిగారు, వీసా చూశారు, ముద్ర వేశారు. అంతా మామూలుగా కనిపించడమే నాకు వింతగా అనిపించింది. కొల్లం నుంచి వచ్చిన మా మేనేజర్ గారు అబిజాన్‌లోనే మార్కోరీ పేటలో ఉండేవారు. రాత్రి ఇంట్లో కూర్చోబెట్టి, “సరుకు ఉత్తరంలో ఉంది. పోర్టు దక్షిణంలో ఉంది. బ్యాంకు ఎవరి వైపో ఇంకా తెలీదు. జాగ్రత్తగా కొను” అన్నారు.

బువాకే అక్కణ్నుంచి 350 కిలోమీటర్ల దూరం. యముసుక్రో దాటాక తియెబిసు దగ్గర బాగ్బో సైన్యం ఆఖరి చెక్‌పోస్టు. తర్వాత కొంత దూరం ఎవరూ ఉండరు. ఆపైన తిరుగుబాటుదారులు. ఇక్కడ ఒక ముద్ర, అక్కడ ఇంకో ముద్ర, రెండు చోట్లా డబ్బు. లారీ డ్రైవర్లు సీట్ల కింద రెండు కాగితాల కట్టలు పెట్టుకునేవాళ్లు. ఎవరికి ఏది చూపించాలో వాళ్లకి బాగా తెలుసు. ఒకరి కాగితం ఇంకొకరికి పొరపాటున చూపిస్తే ఆ రోజు లారీ అక్కడే.

ఫిబ్రవరి మధ్యలో బ్యాంకులు మూతపడ్డాయి. మా సీజన్‌కి అసలు దెబ్బ అదే. ఆ దేశపు డబ్బు సీఫా ఫ్రాంక్. దాన్ని పశ్చిమాఫ్రికాలో ఎనిమిది దేశాలు కలిసి వాడతాయి. నోట్లు వేసేది డాకర్‌లో ఉన్న ఉమ్మడి కేంద్ర బ్యాంకు. ఆ బ్యాంకు వతారా సంతకాన్నే ఒప్పుకుంటానంది. బాగ్బోకి దగ్గరివాడైన బ్యాంకు గవర్నర్ జనవరిలో రాజీనామా చేయాల్సి వచ్చింది. దాంతో బాగ్బో మనుషులు అబిజాన్‌లో ఉన్న కేంద్ర బ్యాంకు శాఖని స్వాధీనం చేసుకున్నారు. చెక్కులు క్లియర్ అయ్యే దారి లేకుండా పోయింది. ఒక్క వారంలో పెద్ద విదేశీ బ్యాంకులన్నీ ఒకదాని వెంట ఒకటి తలుపులు వేసేశాయి. మూసే ముందు రోజుల్లో తెల్లవారుజాము నుంచే జనం క్యూలు కట్టారని, జీతాలు చేతికి రాక ఆఫీసు ఉద్యోగులు ఏడుస్తున్నారని మేనేజర్ గారు ఫోన్‌లో చెప్పారు.

పిక్కల వ్యాపారం మొత్తం నోట్ల మీదే నడుస్తుంది. కంపెనీ ముందుగా పిస్తర్లకి డబ్బిస్తుంది. పిస్తర్ అంటే మోటార్ సైకిల్ మీద ఊళ్లు తిరిగి కొనే చిన్న ఏజెంటు. అతను రైతుకి అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇస్తేనే బస్తా కదులుతుంది. రైతుకి బ్యాంకు ఖాతా ఉండదు, చెక్కు అక్కర్లేదు. సరిగ్గా పిక్క రాలే రోజుల్లో దేశంలో నోట్లు కనపడకుండా పోయాయి.

అప్పుడు మేం చేసింది ఇది. బుర్కినా ఫాసోలో కూడా అదే సీఫా. బోబో డ్యులాసోలో మాకు తెలిసిన ఒక వ్యాపారి ఉన్నాడు. కంపెనీ అతని ఖాతాలో డబ్బు వేసేది. అక్కడ తీసి, వంగోలోదుగు సరిహద్దు మీదుగా బువాకే తీసుకొచ్చేవాళ్లు. ఆ డబ్బు తెచ్చే మనుషుల కోసం ఎదురుచూసిన రాత్రుళ్లు నాకు నిద్ర ఉండేది కాదు. సీఫా నోటు మీద నంబరు చివర ఒక అక్షరం ఉంటుంది. ‘ఎ’ అంటే ఐవరీ కోస్ట్‌ది, ‘సి’ అంటే బుర్కినాది. మార్చి వచ్చేసరికి నా చేతికొచ్చే కట్టల్లో ‘సి’ నోట్లే ఎక్కువగా కనిపించేవి. అదే సమయంలో బుర్కినాలో కూడా విద్యార్థుల అల్లర్లు, ఆ వెంటే సైనికుల తిరుగుబాట్లు మొదలయ్యాయి. ఇటు మూసుకుపోతే అటు అనుకుంటే, అటు కూడా మంటలే.

తెచ్చిన డబ్బు ఏ మూలకీ చాలేది కాదు. చేతిలో నోట్లున్న వాళ్లు ధర తగ్గించేశారు. మందులకో, పిల్లల ఫీజుకో అవసరం ఉన్న రైతు ఎంతిస్తే అంతకి ఇచ్చేశాడు. అంతర్జాతీయ మార్కెట్లో ఆ ఏడాది జీడిపప్పు ధర బాగా ఎక్కువగా ఉంది. పలాసలో పిక్క దొరక్క యూనిట్లు పని తగ్గిస్తున్నాయని, పీలింగ్‌కి వెళ్లే ఆడవాళ్లకి వారంలో కొన్ని రోజులే పని ఉంటోందని ఇంటి నుంచి ఫోన్లు వచ్చేవి. ఇక్కడేమో పిక్క కొనేవాడు లేక చెట్టు కిందే ఉండిపోయింది. రెండు చివర్లా కూలి మీద బతికేవాళ్లే నష్టపోయారు. అధ్యక్ష పదవి కోసం పట్టుపట్టిన వాళ్లలో ఒక్కరికీ ఈ బాధ తగిలి ఉండదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే.

వ్యూ ఒక ఉపాయం చెప్పాడు. తనని నమ్మే ఊళ్లకి వెళ్లి, డబ్బు సగం ఇచ్చి మిగతాదానికి చీటీ రాసిద్దామన్నాడు. తేదీ, బరువు, అవుట్‌టర్న్, ధర, బాకీ ఎంత, కింద నా సంతకం, కంపెనీ ముద్ర. వ్యూ వేలిముద్ర కూడా. ఆయనకి సంతకం వచ్చు, కానీ ఊళ్లో వేలిముద్రకే విలువ ఎక్కువన్నాడు. మేనేజర్ గారిని అడిగితే చాలాసేపు ఫోన్‌లో మాట్లాడలేదు. తర్వాత, “రాయి, కానీ మనం తీర్చగలిగినంతే రాయి” అన్నారు. ఇండియాలో ఉన్న ఓనర్లకి ఆయన ఏం చెప్పారో నాకు తెలీదు.

చీటీ రాసిన ప్రతిసారీ నాకు చెయ్యి వణికేది. కటియోలా దాటాక ఒక ఊళ్లో ఒక ముసలమ్మ తన భర్త పేరు మీద కాకుండా తన పేరు మీదే రాయమంది. కొన్ని బస్తాలు ఆవిడ సొంతంగా ఏరినవట. రాసిచ్చాను. చదవడం రాకపోయినా కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. “ప్రెసిడెంటు మారితే ఇది చెల్లుతుందా?” అని జూలాలో అడిగింది. చెల్లుతుందమ్మా అన్నాను. ఆ మాట నేను కంపెనీ తరఫున అన్నానో, నా తరఫున అన్నానో నాకే తెలీదు. కానీ మనస్ఫూర్తిగానే అన్నాను.

ఫిబ్రవరి ఆఖరున దక్షిణం వాళ్లు ఉత్తరానికి కరెంటు, నీళ్లు ఆపేశారు. ఫోన్ చార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న దుకాణాల ముందు జనం గుమిగూడేవాళ్లు. బావుల దగ్గర బకెట్ల వరస రోడ్డు దాకా వచ్చేది. అచెకే (కర్రపెండలం రవ్వతో చేసే అక్కడి తిండి), ఎండుచేప తిని సరిపెట్టుకున్నాం. కొన్ని రోజులకి మళ్లీ కరెంటు వచ్చింది. అదే వారం, మార్చి 3న, అబిజాన్‌లోని అబోబో పేటలో బాగ్బో దిగిపోవాలని ఊరేగింపు తీసిన ఆడవాళ్ల మీద కాల్పులు జరిగాయి. ఏడుగురు చనిపోయారు. ఆ వార్త విన్న రోజు మా గోదాంలో పిక్క ఎండబెట్టే ఆడవాళ్లు పని ఆపి అలాగే నేల మీద కూర్చుండిపోయారు. నేను కూడా పని చెయ్యమనలేదు. మార్చి 17న అదే అబోబోలో మార్కెట్ మీద గుండ్లు పడి పాతికమందికి పైగా పోయారు.

కొన్న సరుకు బయటికి పంపడం ఇంకో కథ. జనవరిలోనే ఐరోపా సమాఖ్య అబిజాన్, సాన్ పెడ్రో పోర్టుల మీద ఆంక్షలు పెట్టింది. వతారా కోకో, కాఫీ ఎగుమతులు ఆపమన్నాడు. జీడి పిక్క ఆ ఉత్తర్వులో లేదు. కానీ ఓడలే రాకపోతే ఏ ఉత్తర్వుతో ఏం పని? ఐరోపా షిప్పింగ్ కంపెనీలు వెనక్కి తగ్గాయి, ఖాళీ కంటైనర్లు దొరకడం లేదు. ముందు వెళ్లిన ఒక చిన్న లాట్ కాగితాలు ఇండియా చేరితే, మా కొనుగోలుదారు బ్యాంకు వాళ్లు, “ఈ సర్టిఫికెట్ల మీద సంతకం చేసిన అధికారి ఏ ప్రభుత్వం తరఫున చేశాడు?” అని ప్రశ్న రాశారు. వాళ్ల జాగ్రత్త వాళ్లది. కానీ సమాధానం ఎవరివ్వగలరు? మొక్కల శాఖ అధికారి ఏళ్లుగా అదే కుర్చీలో కూర్చుని అదే ముద్ర వేస్తున్నాడు. ఆ ముద్ర వెనక ఉన్న ప్రభుత్వం ఏదో ఆయనకే తెలీదు.

కొందరు వ్యాపారులు ఘనాలోని తేమా పోర్టుకి దారి పట్టించారు. ఘనా వెళ్లడానికి దగ్గరి దారి తూర్పున బొందుకు మీదుగా. అది బాగ్బో వైపు ఊరు. బువాకే లారీ అక్కడికి వెళ్లాలంటే మళ్లీ సరిహద్దు గీత దాటాలి. ఉత్తరం నుంచి బుర్కినా చుట్టి దిగొచ్చు, కానీ కిరాయి సరుకు లాభాన్ని మింగేస్తుంది. మేం మార్చి చివర్లో బొందుకు దారికి సిద్ధమయ్యాం. లారీలకి టార్పాలిన్లు కట్టేశాం. డ్రైవర్లకి దారి ఖర్చులు ఇచ్చేశాం.

మార్చి 28న యుద్ధం మొదలైంది. వతారా తరఫు బలగాలు అన్ని వైపుల నుంచీ దక్షిణానికి కదిలాయి. ఒకటి రెండు రోజుల్లోనే బొందుకు వాళ్ల చేతికొచ్చింది. 30న యముసుక్రో, ఆ వెంటనే సాన్ పెడ్రో పడిపోయాయి. 31 నాటికి అబిజాన్‌లో పోరాటం. బువాకే రోడ్డు మీద మనుషుల్ని నింపుకున్న పికప్ బండ్లు రాత్రింబవళ్లు వెళ్లేవి. మా డ్రైవర్లు లారీలు వదిలి ఇళ్లకి వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టలేం. పడమట డ్యుయెకుయే పట్టణంలో ఆ రోజుల్లోనే వందలమందిని చంపేశారు. కనీసం 800 మంది అని రెడ్‌క్రాస్ చెప్పింది. ఆ ఊరు అప్పటికి వతారా బలగాల చేతిలోకి వచ్చింది. వ్యూ ఆ వార్త విని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “మా వాళ్లు కూడా ఇలా చేస్తే ఇంక నేను ఎవరికి ఓటేసినట్టు?” అన్నాడు. ఆ సాయంత్రం ఆయన భోజనం చెయ్యలేదు.

యుద్ధం అబిజాన్‌లో. నేనున్న బువాకేలో తుపాకీ మోత తక్కువ. నాకు టెన్షన్ అంతా మేనేజర్ గారి గురించే. వాళ్ల వీధి చివర కుర్రాళ్లు టైర్లు, టేబుళ్లు అడ్డంపెట్టి వచ్చేపోయేవాళ్ల గుర్తింపు కార్డులు చూస్తున్నారు. పేరుని బట్టి ఉత్తరాది మనిషా కాదా తేల్చేస్తున్నారు. ఆయన అదే బిల్డింగ్‌లో ఉన్న ఇంకో ఇద్దరు భారతీయులతో కలిసి ఒకే ఫ్లాట్‌లోకి మారారు. స్నానాల గదిలో నీళ్లు నింపి పెట్టుకున్నారు, కిటికీలకి పరుపులు ఆనించారు, రోజుకి రెండుసార్లు మాత్రమే ఫోన్ ఆన్ చేసేవారు. ఆ రెండుసార్లూ కలవకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఏప్రిల్ 4న ఐక్యరాజ్యసమితి, ఫ్రాన్స్ హెలికాప్టర్లు బాగ్బో సైనిక శిబిరాల మీద దాడి చేశాయి. అబిజాన్‌లోని కోకోడీ పేటలో రాయబారుల ఇళ్లున్న ప్రాంతంలోనే పోరాటం జరుగుతుండటంతో జపాన్ రాయబారిని, తర్వాత మన భారత రాయబారిని కూడా ఫ్రెంచ్ సైనికులు బయటికి తీసుకురావాల్సి వచ్చింది. రాయబారినే కాపాడాల్సి వచ్చినప్పుడు మామూలు మనిషి ఎవరికి ఫోన్ చెయ్యాలి? మేనేజర్ గారి పక్క ఫ్లాట్ లెబనాన్ కుటుంబం పోర్ బుయేలోని ఫ్రెంచ్ సైనిక శిబిరానికి వెళ్తూ రమ్మని పిలిచింది. ఆయన వెళ్లలేదు. కంపెనీ కాగితాలు, చీటీల లెక్కల పుస్తకం ఆయన దగ్గర ఉన్నాయి. అవి పోతే ఊళ్లలో బాకీలకి ఆధారం ఉండదని ఆగిపోయారు.

ఇంటి దగ్గర టీవీలో అబిజాన్ పొగలు చూసి మా అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. “ఆ డబ్బు మనకొద్దు, వచ్చేయ్ నాన్నా” అంది. నేనున్నది వేరే ఊరని ఎంత చెప్పినా వినలేదు. రావాలన్నా ఎయిర్‌పోర్టు ఫ్రెంచ్ సైన్యం చేతిలో ఉంది, మామూలు విమానాలు లేవు. రోడ్డున ఘనాకి వెళ్దామన్నా వీసా కావాలి, దారిలో భద్రత లేదు. బువాకేలోనే ఉండిపోవడం మేలనిపించింది. పాస్‌పోర్టు, ఎల్లో ఫీవర్ కార్డు, కొంత డబ్బు నడుముకి కట్టుకుని పడుకునేవాణ్ణి.

ఏప్రిల్ 11 మధ్యాహ్నం బాగ్బోని అరెస్టు చేశారు. బువాకే అంతా రోడ్డు మీదకి వచ్చింది. మా పెరట్లో గాల్లోకి కాల్చిన తూటాలు పడతాయేమోనని అందరం రేకుల షెడ్డు వదిలి స్లాబు కిందకి చేరాం. మనుషులు కౌగిలించుకుంటున్నారు, డ్రమ్ములు కొడుతున్నారు. ఆ ఎన్నిక గొడవలో మొత్తం సుమారు 3,000 మంది చనిపోయారు. వ్యూ జనంలోకి వెళ్లలేదు. తన అన్న కొడుకు కుటుంబం అబోబోలో ఉంది, వాళ్ల కబురు ఇంకా తెలీలేదు. నాలుగు రోజుల తర్వాత తెలిసింది, క్షేమమే.

యుద్ధం ఆగాక మాకు అసలు పని మొదలైంది. బాగ్బో దిగక ముందే ఐరోపా వాళ్లు పోర్టుల మీద ఆంక్షలు ఎత్తేశారు. ఏప్రిల్ చివర్లో బ్యాంకులు తెరిచారు. ఈలోగా వానలు మొదలయ్యాయి. కట్టి పెట్టిన లారీల్లో బస్తాలు తేమ తాగాయి. అన్నీ దింపి, విప్పి, ఎండ వచ్చిన ప్రతి గంటా పరిచి తిప్పాం. తేమ 10 శాతం కిందకి రాకపోతే ఓడలో బూజు పడుతుంది. కటింగ్ చేసి చూస్తే 47 ఉన్న లాట్లు 45కి, కొన్ని అంతకంటే కిందకి వచ్చాయి. ఇండియా నుంచి ఓనర్లు, అవుట్‌టర్న్ పడింది కాబట్టి చీటీల మీద ఉన్న ధర కూడా తగ్గించి కట్టమన్నారు. వ్యాపారంలో అది వింత మాటేమీ కాదు. కానీ పిక్క పాడైంది రైతు ఇంట్లో కాదు, మా లారీలో. చీటీ మీద ఉన్న అవుట్‌టర్న్ నేను కోసి చూసిందే. మేనేజర్ గారు ఆ మాటే గట్టిగా చెప్పారు. చీటీ ధర ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఆ ఊళ్లలోకి మన కంపెనీ మనిషి అడుగు పెట్టలేడన్నారు. రెండు రోజులు వాదించారు. చివరికి ఓనర్లు పూర్తి ధరకి ఒప్పుకున్నారు.

మే నెలలో వ్యూ, నేను ఊరూరా తిరిగి బాకీలు కట్టాం. చీటీ పోగొట్టుకున్నవాళ్లు కొందరు ఉన్నారు, చీటీ మీద వాన పడి సిరా చెరిగిపోయినవాళ్లు ఉన్నారు. మేనేజర్ గారు కాపాడిన పుస్తకం లేకపోతే వాళ్లకి ఏం చెప్పగలిగేవాళ్లం? ముసలమ్మ చీటీ మాత్రం మడత నలగకుండా ఉంది. డబ్బు తనే లెక్కపెట్టుకుంది, భర్తకి ఇవ్వనివ్వలేదు. కొన్ని ఊళ్లలో మేం రాకముందే బస్తాలు వేరేవాళ్లకి సగం ధరకి ఇచ్చేసిన ఇళ్లున్నాయి. వాళ్లకి ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వలేదు.

సరుకు అబిజాన్ పోర్టు నుంచే వెళ్లింది. కాగితాల మీద మళ్లీ అదే అధికారి, అదే ముద్ర. ఈసారి ఇండియా బ్యాంకు ఏ ప్రశ్నా వెయ్యలేదు. నేను ఆ తర్వాత కొన్ని సీజన్లు వెళ్లాను. లారీ కాగితాల్లో రెండో కట్ట అక్కర్లేకుండా పోయింది.

బాగ్బోని ఆ ఏడాది నవంబర్‌లో హేగ్‌కి పంపారు. అక్కడి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2019లో నిర్దోషి అని వదిలేసింది, 2021లో దేశానికి తిరిగొచ్చాడు. కానీ సంక్షోభంలో కేంద్ర బ్యాంకు శాఖని దోచారన్న కేసులో ఆయన లేకుండానే సొంత దేశపు కోర్టు 2018లో 20 ఏళ్ల శిక్ష వేసింది. తర్వాత వతారా క్షమాభిక్ష పెట్టినా, ఆ కేసు వల్లే ఓటర్ల జాబితాలో ఆయన పేరు లేదు. 2025 అక్టోబర్ ఎన్నికల్లో పోటీ చెయ్యలేకపోయాడు. వతారా నాలుగోసారి గెలిచాడు. ఒకప్పుడు వతారాని పోటీకి రానివ్వని దేశంలోనే ఇప్పుడు ఇంకొకరికి దారి మూసుకుంది. అప్పుడు వతారా వైపు న్యాయం ఉందని నమ్మిన నాకు ఇది మింగుడు పడలేదు.

ఆ ఎన్నికల ముందు కాశీబుగ్గ నుంచి ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు. కొత్తగా కటింగ్ నేర్చుకున్నాడు, కంపెనీ బువాకే పంపుతానంటోంది. “అన్నా, వెళ్లొచ్చా?” అని అడిగాడు. వెళ్లమనే చెప్పాను. దిగిన వెంటనే మన ఎంబసీలో పేరు నమోదు చేయించుకోమన్నాను. పాస్‌పోర్టు, ఎల్లో ఫీవర్ కార్డు కాపీలు ఇంట్లో ఒకటి, గోదాంలో ఒకటి పెట్టమన్నాను. నెల ఖర్చుకి సరిపడా నోట్లు ఎప్పుడూ చేతిలో ఉంచుకోమన్నాను. కంపెనీ దగ్గర నుంచి ఒక మాట మాత్రం రాతపూర్వకంగా తీసుకోమన్నాను: బ్యాంకులు మూతపడితే రైతుల బాకీ ఎవరు, ఎలా తీరుస్తారు అని. అది అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అన్నాడు. అడిగి చూడు, వాళ్ల జవాబుని బట్టి వెళ్లాలో వద్దో నీకే తెలుస్తుంది అన్నాను.